టాలీప్రైమ్‌లో ఇయర్ ఎండింగ్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ టాలీలో ఆర్థిక సంవత్సరాన్ని ముగించే బటన్ ఏదీ లేదు. కొత్తగా చేరిన అకౌంటెంట్లు మార్చి నెలాఖరులో తప్పకుండా వెతికేది దాని కోసమే. ఆల్ట్ ఎఫ్2 నొక్కి పీరియడ్ మార్చుకుంటే చాలు, ఏప్రిల్ 1 తేదీతో ఎంట్రీలు మొదలుపెట్టుకోవచ్చు. పార్టీల బాకీలు, బ్యాంకు నిల్వ, స్టాకు వాటంతటవే ఓపెనింగ్‌లోకి వచ్చేస్తాయి. ఆదాయ వ్యయాల లెడ్జర్లు (పద్దులు) సున్నా నుంచి మొదలవుతాయి. పాత లాభం బ్యాలెన్స్ షీట్‌లో ప్రాఫిట్ అండ్ లాస్ ఖాతా కింద ఓపెనింగ్ బ్యాలెన్స్‌గా కనిపిస్తుంది.

టాలీ పాత వెర్షన్ అయిన ఈఆర్‌పీ 9 కాలం నుంచీ వాడుతున్నాను. 2020లో టాలీప్రైమ్ వచ్చాక మెనూలు మారాయి గానీ ఈ పద్ధతి మారలేదు. నాకు ఇందులో బాగా నచ్చేది కూడా ఇదే. మార్చి లెక్కలు తేలలేదని ఏప్రిల్ బిల్లింగ్ ఆపాల్సిన పని ఉండదు. ఆడిటర్ జూలైలో చెప్పిన ఎంట్రీని కూడా మార్చి 31 తేదీతో వేసేయొచ్చు. అయితే రెండు సంవత్సరాల మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి, దాన్ని వేసే బాధ్యత మనదే. సాఫ్ట్‌వేర్ గుర్తు చేయదు.

ఇయర్ ఎండింగ్‌లో అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేది పార్టీల బిల్‌వైజ్ సర్దుబాటు, అంటే ఏ చెల్లింపు ఏ బిల్లుకో జత చేయడం. లెడ్జర్ చూస్తే పార్టీ నిల్వ సున్నా. అవుట్‌స్టాండింగ్ (బాకీల జాబితా) తెరిస్తే 1,18,000 రూపాయల బిల్లు ఒకటి నెలల తరబడి రావాల్సినట్టు ఉంటుంది, దాని కిందే అంతే మొత్తం ఆన్ అకౌంట్ అని క్రెడిట్‌లో ఉంటుంది. డబ్బు వచ్చింది, రసీదు వోచర్ వేశారు, కానీ ఏ బిల్లుకు వచ్చిందో చూపలేదు. ఆ రసీదును ఆల్టర్‌లో (దిద్దేందుకు) తెరిచి, ఆన్ అకౌంట్ తీసేసి, అగైనెస్ట్ రిఫరెన్స్ పెట్టి బిల్లును ఎంచుకుంటే రెండూ మాయమవుతాయి. ట్రయల్ బ్యాలెన్స్‌లో తేడా ఏమీ రాదు కాబట్టి చాలామంది దీన్ని వదిలేస్తారు. వదిలేయొద్దని గట్టిగా చెబుతాను. ఏ బిల్లు ఎన్నాళ్లుగా బాకీ ఉందో చూపే ఏజింగ్ రిపోర్ట్ తప్పుగా ఉంటే వసూలు చేసేవాళ్లు ఎప్పుడో కట్టేసిన పార్టీకి ఫోన్ చేస్తారు, నిజంగా కట్టనివాడు జాబితాలో ఎక్కడో అడుగున ఉండిపోతాడు.

కొనుగోళ్ల వైపు ఇది ఇంకా ముఖ్యం. సూక్ష్మ, చిన్న తయారీ, సర్వీస్ యూనిట్లకు మనం కట్టాల్సిన సొమ్ము రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. 2023-24 నుంచి ఆ గడువు దాటి, మార్చి 31కి కూడా కట్టకుండా ఉన్న మొత్తానికి ఆదాయపు పన్నులో ఆ ఏడాది ఖర్చుగా మినహాయింపు రాదు. కట్టిన ఏడాదిలోనే వస్తుంది. బిల్లుల వారీగా బాకీ సరిగ్గా లేకపోతే ఈ లెక్క తేలదు. అందుకే నేను ఫిబ్రవరిలోనే క్రెడిటర్ల జాబితా తీసి కూర్చుంటాను.

తర్వాత ఎక్సెప్షన్ రిపోర్ట్స్. టాలీలో ఎవరూ తెరవని మంచి మెనూ ఇదేనని నా అభిప్రాయం. నెగెటివ్ స్టాక్ (ఉన్నదానికన్నా ఎక్కువ బయటికి వెళ్లినట్టు కనిపించే సరుకు), నెగెటివ్ లెడ్జర్లు, ఆప్షనల్ వోచర్లు, మెమొరాండం వోచర్లు, పోస్ట్ డేటెడ్ వోచర్లు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఎంట్రీ వేస్తూ పొరపాటున కంట్రోల్ ఎల్ నొక్కితే ఆ వోచర్ ఆప్షనల్ అయిపోతుంది. డే బుక్‌లో ఉన్నట్టే ఉంటుంది, పద్దుల్లోకి మాత్రం ఎక్కదు. అమ్మకాలు జీఎస్‌టీ రిటర్న్‌తో సరిపోక రోజంతా కుస్తీ పట్టేముందు ఈ జాబితా ఒక్కసారి చూస్తే చాలా టెన్షన్ తగ్గుతుంది. నెగెటివ్ స్టాక్‌ను మాత్రం తప్పనిసరిగా సరిచేయాలి, లేకపోతే క్లోజింగ్ స్టాక్ విలువ నమ్మదగ్గదిగా ఉండదు.

స్టాక్ వివరాలు టాలీలో పెట్టకుండా లెక్కలు మాత్రమే రాసుకునేవాళ్లు క్లోజింగ్ స్టాక్ విలువను స్టాక్ ఇన్ హ్యాండ్ లెడ్జర్‌లో మార్చి 31 తేదీతో స్వయంగా ఎక్కించాలి. తరుగుదల కూడా దానంతట అది పడదు, జర్నల్ వేయాల్సిందే. ఆస్తులు ఎక్కువగా ఉన్న సంస్థలకు విడిగా ఒక షీట్ తప్పదు. భాగస్వామ్య సంస్థ అయితే లాభాన్ని భాగస్వాముల క్యాపిటల్ ఖాతాలకు మార్చే జర్నల్ కూడా మనమే వేయాలి.

ఇన్వాయిస్ నంబర్ల ఏర్పాటు నన్ను ఇప్పటికీ మెప్పిస్తుంది. సేల్స్ వోచర్ టైప్‌ను ఆల్టర్‌లో తెరిచి, ఏప్రిల్ 1 నుంచి మళ్లీ 1తో మొదలయ్యేలా పెట్టి, కొత్త సంవత్సరం ప్రిఫిక్స్‌ను (నంబర్ ముందు వచ్చే అక్షరాలను) అదే తేదీతో ఇంకో వరుసలో చేర్చాలి. పాత ప్రిఫిక్స్ వరుసను చెరపకూడదు. తేదీని బట్టి ప్రిఫిక్స్ పడుతుంది కాబట్టి, ఏప్రిల్‌లో కూర్చుని మార్చి తేదీతో బిల్లు వేసినా పాత వరుసలోనే నంబర్ వస్తుంది. జీఎస్‌టీ నిబంధన ప్రకారం ఇన్వాయిస్ నంబర్ 16 అక్షరాలు దాటకూడదు, ప్రిఫిక్స్ కూడా అందులో భాగమే. ఇంకో సంగతి: మధ్యలో బిల్లు చేర్చినా తీసేసినా మిగతా నంబర్లు మారకుండా ఉండాలంటే, రిటైన్ ఒరిజినల్ వోచర్ నంబర్ అన్నదే ఎంచుకోవాలి. పార్టీ చేతిలో ఉన్న కాగితం మీద ఒక నంబర్, మన పుస్తకంలో ఇంకోటి ఉంటే సర్దుకోవడం చాలా కష్టం.

బ్యాంక్ రీకన్సిలియేషన్, జీఎస్‌టీఆర్ 2బీతో (మన కొనుగోళ్లపై జీఎస్‌టీ పోర్టల్ ఇచ్చే పన్ను క్రెడిట్ వివరాలతో) పోలిక రెండూ టాలీప్రైమ్‌లో బాగానే ఉన్నాయి. ప్రతి నెలా చేసేవాళ్లకు మార్చిలో ప్రత్యేకంగా పనేమీ మిగలదు.

డేటా స్ప్లిట్ చేయాలా, అంటే ఏడాదిని బట్టి కంపెనీ ఫైలును విడగొట్టాలా అని చాలామంది అడుగుతారు. ఫైలు పెద్దదై నెమ్మదిస్తే తప్ప నేను వద్దనే అంటాను. పాత ఏడాదుల లెడ్జర్ ఒకేచోట చూసే సౌకర్యం పోతుంది. చేయక తప్పదనుకుంటే ముందు బ్యాకప్, తర్వాత వెరిఫై డేటా, ఆ తర్వాతే స్ప్లిట్. బ్యాకప్‌ను కంప్యూటర్ బయట ఒకచోట పెట్టి, వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి తెరుచుకుంటోందో లేదో చూడాలి. నడుస్తున్న డేటా ఉన్న ఫోల్డర్‌లోకి మాత్రం రీస్టోర్ చేయకండి.

ఆడిట్ పూర్తయ్యాక యూజర్ రోల్స్‌లో బ్యాక్ డేటెడ్ వోచర్లకు కటాఫ్ తేదీ పెట్టేస్తాను. కంపెనీలకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి ఆడిట్ ట్రెయిల్ (ప్రతి మార్పునూ నమోదు చేసే ఏర్పాటు) తప్పనిసరి కాబట్టి ఎడిట్ లాగ్ ఎడిషన్ వాడాలి. కానీ లాగ్ చేసేది ఎవరు ఏం మార్చారో రాసిపెట్టడమే, మార్పును అది ఆపదు. మార్చిలో ఎవరైనా వంద రూపాయలు దిద్దినా ఏప్రిల్ ఓపెనింగ్ చప్పుడు లేకుండా మారిపోతుంది. అందుకే సంతకాలైన బ్యాలెన్స్ షీట్ పక్కన పెట్టుకుని, ఏప్రిల్ 1 ఓపెనింగ్ ట్రయల్ బ్యాలెన్స్‌ను ఒక్కో లెడ్జర్‌తో సరిచూస్తాను. సెప్టెంబరులో ఇంకోసారి చూస్తాను.