మూడు గంటల పెళ్లి వీడియో: ఒక్క డీవీడీలోనా, రెండింట్లోనా?

హన్మకొండ పెళ్లి వీడియో మూడు గంటలుంటే, 4.7 జీబీ డీవీడీ ఒక్కదాంట్లో పట్టించడానికి ఆడియోతో కలిపి సెకనుకు సుమారు 3.4 మెగాబిట్ల డేటాకే చోటు దొరుకుతుంది. మండపంలో కూర్చున్న దృశ్యాలకు అది సరిపోతుంది. రాత్రి బరాత్‌కు చాలదు: మిణుకుమనే లైట్లు, ఎగిరే జనం, చీకట్లో కెమెరా తెచ్చే గ్రెయిన్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు), మూడూ బిట్లను మింగేస్తాయి. బొమ్మ గళ్లుగళ్లుగా పగులుతుంది. టూ-పాస్ వీబీఆర్ (వీడియోను రెండుసార్లు చదివి, సీన్‌ను బట్టి బిట్లు పంచే పద్ధతి) పెడితే నిలకడ సీన్లలో మిగిలిన బిట్లు బరాత్‌కు వెళ్తాయి, అంతే, లేనివాటిని పుట్టించదు.

రెండు డిస్కులైతే గంటన్నర చొప్పున వీడియోకే 6.5 మెగాబిట్లు ఇవ్వొచ్చు. తలంబ్రాలు అయ్యాక విడగొడితే చూసేవాళ్లకు తెగినట్టు అనిపించదు. మా ఓటు దీనికే.

ఏ దారైనా ఆడియోను పీసీఎంలో, అంటే కుదించకుండా, ఉంచొద్దు, అదొక్కటే సెకనుకు 1.5 మెగాబిట్లు తింటుంది. కుదించిన ఏసీ3 ఫార్మాట్‌లో 224 కిలోబిట్లు చాలు. ఇంటర్‌లేస్డ్ ఫుటేజీకి (ఒక్కో ఫ్రేమును సరి, బేసి గీతలుగా రెండు సగాల్లో తీసినదానికి) ఫీల్డ్ ఆర్డర్, అంటే ఆ సగాల వరుస, తారుమారైతే కదిలేదల్లా వణుకుతుంది, బర్న్ చేసేముందే టీవీలో చూసుకోవాలి.

8.5 జీబీ డ్యూయల్ లేయర్ (రెండు పొరల) డిస్కు ఒకటి చాలుగా అనిపిస్తుంది గానీ, కొన్ని పాత ప్లేయర్లు పొర మారే చోట ఆగిపోతాయి. చుట్టాలకు పంచే కాపీలకు అది వద్దు.