బూట్ కాని రాస్ప్‌బెర్రీ పై: కార్డును నేరుగా చదవాలా, ముందు ఇమేజ్ తీయాలా?

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఆన్ కాకపోతే, దాని ఎస్‌డీ కార్డులోని ఫైళ్లను కాపాడుకోవడానికి రెండు దారులున్నాయి: కార్డును నేరుగా చదవడం, లేదా ముందు ఇమేజ్ (కార్డు మొత్తానికి అచ్చు నకలైన ఫైల్) తీయడం. బోర్డు పాడై కార్డు బాగుంటే మొదటి దారే చాలు. కార్డును రీడర్‌లో పెట్టి లినక్స్ కంప్యూటర్‌కు తగిలించండి. రెండో పార్టిషన్‌ను (కార్డులో సిస్టమ్, మీ ఫైళ్లు ఉండే భాగం) 'ఆర్ఓ, నోలోడ్' (ro,noload) ఆప్షన్లతో మౌంట్ చేసి, అంటే చదవడానికి మాత్రమే తెరిచి, హోమ్ ఫోల్డర్ కాపీ చేసుకోండి. నోలోడ్ ఇవ్వకపోతే రీడ్-ఓన్లీలో కూడా జర్నల్ (పూర్తికాని మార్పుల చిట్టా) రీప్లే అయి కార్డు మీద రాత పడవచ్చు. విండోస్ ఆ ఎక్స్‌ట్4 (ext4, లినక్స్ ఫైల్ సిస్టమ్) పార్టిషన్‌ను గుర్తించక ఫార్మాట్ చేయమంటుంది, ఒప్పుకోవద్దు.

కాపీ మధ్యలో రీడ్ ఎర్రర్లు వస్తే వెంటనే ఆపండి. అరిగిన కార్డును పదేపదే చదివిస్తే ఉన్నదీ పోవచ్చు. అనుమానం ఏ కాస్త ఉన్నా నేను ఇమేజ్‌నే ఎంచుకుంటాను. డీడీరెస్క్యూ (ddrescue) అనే ఇమేజ్ తీసే ప్రోగ్రామ్ ముందు బాగున్న భాగాలను తీసి, చెడ్డవాటిని చివరికి వదులుతుంది. 32 జీబీ కార్డుకు అంత ఖాళీ చోటు కావాలి, గంటలు పట్టొచ్చు. మ్యాప్‌ఫైల్ (ఎక్కడిదాకా చదివిందో రాసుకునే ఫైల్) తప్పక ఇవ్వండి, లేకపోతే ఆగిన చోటు నుంచి కొనసాగించలేరు. ఫైల్ సిస్టమ్ తప్పులను సరిచేసే ఎఫ్ఎస్‌సీకే (fsck) ఇమేజ్ నకలు మీదే నడపండి, అసలు కార్డు మీద వద్దు.