ఆస్టరిస్క్‌కి ఇంటర్నెట్ కాలింగ్ కలిపే 'కనెక్టర్' కొంటున్నారా? అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వ్యాపారం చేసుకునే మన తెలుగువాళ్లు ఎవరైనా ఆఫీసులో ఆస్టరిస్క్ (కంప్యూటర్‌నే ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజిగా మార్చే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని, దానికి ఏదో కంపెనీ ఇంటర్నెట్ కాలింగ్ యాప్‌ని 'కనెక్టర్'తో కలపాలనుకుంటుంటే కాస్త ఆగండి. నాకు 38 వేలు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచండి, సరుకు బాగా కదిలే రోజుల్లో పదకొండు రోజులు ఆ యాప్ లైను మూగబోయింది.

మాది పర్లాకిమిడిలో పార్సిల్ బుకింగ్ ఆఫీసు. పాతపట్నం, టెక్కలి నుంచి తెలుగులో, మోహన వైపు నుంచి ఒడియాలో పొద్దున్నుంచి ఫోన్లే ఫోన్లు. మా మేనల్లుడు ఒక పాత కంప్యూటర్ మీద ఆస్టరిస్క్ ఎక్కించాడు. 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది, ఉచితం, సోర్స్ కోడ్ (ప్రోగ్రాం అసలు రాత) అంతా బయటే ఉంటుంది. 'తెలుగుకి ఒకటి, ఒడియాకి రెండు నొక్కండి' అని మా ఆవిడ గొంతుతో రికార్డు చేశాం. ఆఫీసుకీ గోడౌనుకీ మధ్య ఫోన్లు అయితే అద్భుతంగా పనిచేశాయి, ఇప్పటికీ ఆ భాగం మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు.

చిక్కంతా తర్వాత కొన్నదానితో వచ్చింది. బయట ఊళ్లలో పనిచేసే మనవాళ్లు చాలామంది ఒక యాప్‌లో మాట్లాడుకుంటారు, ఆ యాప్ కాల్స్ నేరుగా మన ఆఫీసు ఫోన్లకే వచ్చేలా చేసే కనెక్టర్ ఉందని బరంపురం డీలర్ చెప్పాడు. నాలుగు ఛానెళ్లకి (ఒకేసారి నాలుగు కాల్స్‌కి) లైసెన్సు, పైన ప్రీపెయిడ్ బ్యాలెన్సు. "సార్, మీకేం టెన్షన్ వద్దు, ఒకసారి పెట్టారంటే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, యాప్‌లో వచ్చిన కాల్‌ని మామూలు సిమ్ మీద బయటికి తిప్పుకోవచ్చని. అది విన్నప్పుడే లేచి వచ్చేయాల్సింది. ఇంటర్నెట్ కాల్స్‌ని మామూలు ఫోన్ నంబర్లకు కలపడం మన దేశంలో లైసెన్సు ఉన్న టెలికాం కంపెనీల పని, దొంగచాటుగా సిమ్ బాక్సులు (ఇంటర్నెట్ కాల్స్‌ని సిమ్ కార్డుల మీదుగా మళ్లించే పెట్టెలు) పెట్టినవాళ్ల మీద పోలీసు కేసులు పడుతున్నాయి. దాని జోలికి మాత్రం వెళ్లకండి. నేను ఆ పని వద్దన్నాను గానీ కనెక్టర్ మాత్రం కొన్నాను.

రెండు నెలలు బాగానే నడిచింది. ఆషాఢంలో ఒక రాత్రి పిడుగు పడి కంప్యూటర్ బోర్డు, నెట్‌వర్క్ కార్డు రెండూ కాలిపోయాయి. మావాడు సాయంత్రానికల్లా వేరే మెషీన్ మీద ఆస్టరిస్క్ మొత్తం తిరిగి ఎక్కించేశాడు, బ్యాకప్ ఉంది కాబట్టి. కనెక్టర్ ఒక్కటే లేవలేదు. "మావయ్యా, ఈ కీ వేరే మెషీన్‌కి కట్టేసి ఉందట" అన్నాడు. లైసెన్సు ఆ కాలిపోయిన కార్డు మ్యాక్ అడ్రసుకి (ఒక్కో నెట్‌వర్క్ కార్డుకీ ఉండే సొంత నంబరు) ముడిపడి ఉందని అప్పుడు తెలిసింది. కంపెనీకి మెయిల్ పెడితే ఐదో రోజు జవాబు: కొత్త లైసెన్సు కొనండి. కాలిపోయిన కార్డు ఫొటో, డీలర్ బిల్లు పంపినా అదే జవాబు.

సరే, సగం ధరకి ఇంకోటి కొన్నాను (38 వేలలో ఇదీ ఉంది). అదీ లోడ్ కాలేదు. కొత్త మెషీన్‌లో మావాడు కొత్త వెర్షన్ ఆస్టరిస్క్ వేశాడు, వీళ్ల మాడ్యూలేమో (ఆస్టరిస్క్‌కి తగిలించే కనెక్టర్ ప్రోగ్రాం) పాత వెర్షన్‌కే తయారుచేసినది, సోర్స్ ఇవ్వరు కాబట్టి కొత్తదానికి మనమే తయారుచేసుకోలేం. దానికోసం మొత్తం వెనక్కి, పాత వెర్షన్‌కి వెళ్లాం. అలా పదకొండు రోజులు. ఆ లైను మళ్లీ లేచిన మూడు వారాలకి ఇంకో మెయిల్ వచ్చింది, ఈ కనెక్టర్ అమ్మకం, సపోర్టు ఆపేస్తున్నాం, బ్యాలెన్సు తిరిగి ఇవ్వబడదు అని.

ఇలా జరగడం కొత్తేం కాదు. స్కైప్‌ని ఆస్టరిస్క్‌కి కలిపే మాడ్యూల్‌ని మార్క్ స్పెన్సర్ కంపెనీ డిజియమ్ 2008లో ప్రకటించి 2009లో అమ్మకానికి పెట్టింది, 2011 జులైలో అమ్మకం ఆగిపోయింది, ఎందుకంటే స్కైప్ వైపు నుంచి ఒప్పందం పొడిగించలేదు. చివరికి స్కైపే 2025 మేలో మూతపడింది. ఈ సంగతి ముందే తెలుసుకుని ఉంటే నేను డీలర్‌ని వేరే ప్రశ్నలు అడిగేవాణ్ణి.

ఇప్పుడు లైసెన్సు ఉన్న టెలికాం కంపెనీ దగ్గర మామూలు సిప్ ట్రంకు (ఇంటర్నెట్ మీద వచ్చే ఆఫీసు ఫోన్ లైను) తీసుకున్నాం. మొదటి రోజు ఇందులోనూ తంటా వచ్చింది, పలాస నుంచి జీడిపప్పు పంపే పెద్దాయన "హలో, హలో, వినపడట్లేదు బాబూ" అంటున్నాడు, ఆయన మాట మాకు వినపడుతోంది, మా మాట ఆయనకి పోవట్లేదు. మావాడు నెట్‌లో వెళ్లే డేటా ప్యాకెట్లు తీసి చూశాడు. కాల్ కలిపే సందేశాలు 5060 పోర్టులో సరిగ్గానే పోతున్నాయి, మాట మోసే ఆర్‌టీపీ మాత్రం రౌటర్ దగ్గర దారి తప్పుతోంది. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ (కాల్ సందేశాలను రౌటర్ తనంతట మార్చే సెట్టింగు) ఆపేసి, ఆస్టరిస్క్‌కి మా బయటి ఐపీ (ఇంటర్నెట్‌లో మా ఆఫీసు అడ్రసు) చెప్పేసరికి మధ్యాహ్నం భోజనాల వేళకి అంతా సర్దుకుంది. అదే తేడా చూడండి, లోపల ఏం జరుగుతోందో కనపడితే పూటలో బాగుచేసుకున్నాం, మూసిపెట్టిన డబ్బా అయితే పదకొండు రోజులు మెయిళ్లు రాస్తూ కూర్చున్నాం.

ఇదే కనెక్టర్‌ని వేరే పేరుతో రాయగడలో అమ్ముతున్నారని నిన్న ఒక లారీ ఓనరు చెప్పాడు. మీ దగ్గరికి వస్తే మెషీన్ పాడైతే లైసెన్సు ఉచితంగా మారుస్తారా, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మాడ్యూల్ ఎన్ని రోజుల్లో ఇస్తారు, సర్వీసు ఆపేస్తే బ్యాలెన్సు వెనక్కి ఇస్తారా అని అడిగి, జవాబు బిల్లు మీదే రాయించుకోండి. రాయనంటే డబ్బు తియ్యకండి.