ఆటో బోల్తా పడి ఉంటే డబ్బులొచ్చేవి: మా వీణ ఇన్సూరెన్స్ గురించి, పదకొండేళ్ల తర్వాత

అమ్మమ్మ ఇచ్చిన వీణకి 2014లో ఇన్సూరెన్స్ చేయించాను. అప్పట్నుంచీ ఒక్క ఏడాది కూడా తప్పకుండా కడుతూనే ఉన్నాను, మధ్యలో ఒకసారి కంపెనీ మార్చాను. మొదటి మూడు నాలుగేళ్లు ఎవరడిగినా "కళ్లు మూసుకుని చేయించేయండి" అని చెప్పింది నేనే. నా మాట విని చేయించుకున్నవాళ్లలో ఇద్దరు ఇప్పటికీ కచేరీల్లో కనిపిస్తే అదోలా నవ్వుతారు. ఆ నవ్వు బాకీ కొంతైనా తీర్చుకుందామని ఇది రాస్తున్నాను.

ప్రీమియం ఎంత, ఏ కాగితాలు కావాలి లాంటివి ఏ ఏజెంటునడిగినా చెబుతాడు. నా గొడవంతా పాలసీలో ఉన్న ఒక్క వాక్యంతోనే.

వీణ బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేసింది. ఏకాండి. అంటే నాదం పలికే గుండ్రటి కుండా, దాన్నుంచి సాగే పొడవాటి దండీ ఒకే పనస మొద్దులోంచి తొలిచారు, మధ్యలో అతుకు లేదు. నా చేతికొచ్చేసరికే దానికి నలభై ఏళ్లు దాటాయి. ఏజెంటు ఫారంలో "మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్, గిటార్ టైపు" అని రాసుకున్నాడు. నవ్వుకుని ఊరుకున్నాను. విలువ ఎంత వేయమంటారంటే, ప్రీమియం తగ్గుతుంది కదా అని 75 వేలు వేయమన్నాను. పాలసీ పేరు ఆల్ రిస్క్. ఆ పేరు విన్నాక లోపలి పేజీలు ఎవరు తిరగేస్తారు? ఏడాదికి వెయ్యి లోపే. రైల్లో వీణని పక్కన పెట్టుకుని మొదటిసారి కాస్త కునుకు తీయగలిగాను. ఆ కునుకు చూసే అందరికీ సిఫారసు చేశాను, అబద్ధమెందుకు.

2018 ధనుర్మాసంలో తెనాలిలో కచేరీ. తిరిగొచ్చేసరికి రాత్రి పదిన్నర. విజయవాడ స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుని, వీణని అడ్డంగా ఒళ్లో పెట్టుకున్నాను. ఫోము దట్టించిన గవిసెనలోనే ఉంది. (గవిసెన అమ్మమ్మ మాట. ఇప్పటి పిల్లలు బ్యాగ్ అంటారు.) సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగగానే కుక్క అడ్డమొచ్చింది, డ్రైవరు బ్రేకు తొక్కాడు. కుండ ఒళ్లోంచి జారి ముందు సీటు వెనక ఇనప కడ్డీకి తగిలింది. ఎండుకొమ్మ విరిగినట్టు ఒక్క చప్పుడు. డ్రైవరు వెనక్కి తిరిగి "ఏం కాలేదమ్మా, బండికేం కాలేదు" అన్నాడు. పాపం ధైర్యం చెబుదామనే అన్నాడు.

ఇంటికొచ్చి మంచం మీద గవిసెన విప్పాను. కుండ పక్కన, దాని మీద మూతలా ఉండే పలక అంచు దగ్గర మొదలై, కర్ర చార వెంటే కిందికి జానెడు బీట. గోరు పెడితే గోరు దిగింది. దండి మీద తీగని నొక్కే ఇత్తడి కడ్డీలే మెట్లు, అవి మైనంలో నిలబడతాయి. పైస్థాయి మెట్ల కింద మైనం పలుకులు పలుకులుగా లేచి నాలుగు మెట్లు పక్కకి ఒరిగాయి. కింది స్వరాల తీగ, మంద్రం, మీటితే నాదం బదులు జుయ్యిమని రొద. ఆ రాత్రి మళ్లీ తీగ ముట్టుకోలేదు.

క్లెయిం ఫారంలో "ఎలా జరిగింది" అన్న గళ్లో జరిగింది జరిగినట్టు రాశాను. ఆ డ్రైవరు మీదికి ఏం వస్తుందోనని, అడక్కపోయినా "ఆటోకి ఎలాంటి నష్టమూ జరగలేదు" అని ఒక వాక్యం కలిపాను.

నష్టం చూడ్డానికి కంపెనీ పంపిన సర్వేయర్ నాలుగో రోజు వచ్చాడు. ఆయన మీద నాకు కోపం లేదు. టేపు పెట్టి బీట కొలిచాడు, ఫోను లైటు లోపలికి వేసి ఫొటోలు తీశాడు. ఏ సంవత్సరంలో కొన్నారు, బిల్లు ఉందా అన్నాడు. అమ్మమ్మ కొన్నది, బిల్లెక్కడిది? అయితే తరుగుదల లెక్క వేయాలమ్మా అన్నాడు. ఆయన లెక్కలో ఫ్రిజ్జుకీ వీణకీ తేడా లేదు, ఏడాదికింత అని తగ్గిపోతుంది. పనస కర్ర ఆరేకొద్దీ పలుకు పెరుగుతుందనీ, వాయించేవాళ్లు పాత వీణలే వెతుక్కుంటారనీ చెప్పాను. ఓపిగ్గా రాసుకున్నాడు. తర్వాత అడిగాడు:

"ఆటో దేన్నైనా గుద్దిందా అమ్మా?"

"లేదండీ."

"బోల్తా పడిందా?"

"లేదండీ, కుక్క అడ్డమొస్తే బ్రేకు వేశాడు."

పెన్ను మూసేశాడు. "నిజం రాశారు, అక్కడే వచ్చింది ఇబ్బంది" అన్నాడు. బ్యాగులోంచి నా పాలసీ తీసి, నేనెప్పుడూ తిప్పని పేజీ తిప్పాడు. గాజు సామాను, కెమెరాలు, శిల్పాలు, పటాలు, సంగీత వాయిద్యాలు లాంటి సున్నితమైన వస్తువులు పగిలినా, బీటలు వారినా, గీతలు పడినా చెల్లదట. మంటల వల్లగానీ, తీసుకెళ్తున్న వాహనానికి ప్రమాదం జరిగిగానీ అలా అయితేనే చెల్లుతుందట. ఆటో బోల్తా పడి నా కాలు కూడా విరిగి ఉంటే వీణకి డబ్బులొచ్చేవి. ఆటో నిక్షేపంలా ఉంది కాబట్టి రావు. ఆల్ రిస్కులో వీణకి రోజూ ఉండే రిస్కొక్కటే లేదన్నమాట.

ఆయన లేస్తూ ఇంకో మాట చెప్పాడు. క్లెయిం ఒప్పుకున్నా మొత్తం వచ్చేది కాదట. వస్తువు అసలు విలువ లక్షన్నర అనుకోండి, మనం 75 వేలకే చేయించామనుకోండి, ఇరవై వేల నష్టం జరిగితే సగమే, పదివేలే ఇస్తారు. తక్కువ విలువ రాయించి మిగిల్చుకున్న నా మూడు నాలుగు వందలు గుర్తొచ్చాయి.

నెలన్నరకి తిరస్కరణ ఉత్తరం. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాస్తే అదే వాక్యాన్ని అచ్చక్షరాల్లో తిరిగి పంపారు. తర్వాత మెట్టు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి. అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, కాకపోతే కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. ఆ ఏడాది మావారి ఆపరేషన్‌తో గడిచిపోయింది, వెళ్లలేదు. వెళ్లి ఉంటే గెలిచేదాన్నని కూడా అనను. వాక్యం వాళ్ల వైపే ఉంది.

వీణని గొల్లపల్లి తీసుకెళ్లాను. అక్కడ వీణలు చేసే ఆయన బీటలో అదే జాతి కర్ర పొట్టు, జిగురు కలిపి దట్టించి, బిగించి ఆరబెట్టాడు. పాత మైనమంతా గీకేసి ఇరవై నాలుగు మెట్లకీ మళ్లీ మేళం కట్టాడు, అంటే కొత్త మైనంలో స్వరానికి సరిపెట్టి నిలబెట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని, ఒక్కో మెట్టూ వెంట్రుకవాసి జరుపుతూ. రానూపోనూ ఖర్చులతో 18,500. చూపుకి బీట కనపడదు. మంద్ర పంచమంలో నాదం మాత్రం మునుపటంతసేపు నిలవదు. దానికి పరిహారం ఇచ్చే పాలసీ నేనిక్కడ చూడలేదు. అమెరికాలో వయొలిన్ నేర్చుకుంటున్న మా అక్క కూతురికి మాత్రం, రిపేరు తర్వాత వాయిద్యం ధర పడిపోతే ఆ తేడా కూడా ఇచ్చే పాలసీ ఉందట. విని కాస్త కుళ్లుకున్నాను.

2019లో కంపెనీ మార్చాను. ఈసారి ఏజెంటుని నేనే కూర్చోబెట్టి అడిగాను. ఆ వాక్యం తీసేస్తారా, తీస్తే కాగితం మీద ఇస్తారా అని. ఇద్దరు కుదరదన్నారు. మూడో కంపెనీ ప్రీమియం పెంచి, ప్రతి క్లెయింలో మొదటి ఐదువేలూ నేనే పెట్టుకోవాలన్న షరతుతో ఎండార్స్‌మెంట్ ఇచ్చింది, అంటే ఆ వాక్యం వర్తించదని పాలసీకి జతచేసే కాగితం. విలువ లక్షా అరవై వేలు వేయించాను, ఆ అంకెకి గొల్లపల్లి ఆయన చేత కొలతలతో సహా ఉత్తరం రాయించాను. పాత బీట ఫొటో కూడా ముందే జతచేశాను, రేపు "ఇది అప్పటిదే" అనకుండా. ఇంకోటి: నేను ఇంట్లో పిల్లలకి ఫీజు తీసుకుని పాఠాలు చెబుతాను, పాత ఫారంలో మాత్రం "ఇంటి వాడకం" అని ఉంది. అదీ మార్పించాను. వృత్తికి వాడే వస్తువులని పక్కన పెట్టే పాలసీలున్నాయి. పురుగు, చెమ్మ, వాతావరణానికి కర్ర వంకరపోవడం, తీగలు తెగడం కొత్తదాంట్లోనూ లేవు. వాటికి పోట్లాడలేదు.

కొత్త పాలసీ బాగుందా అంటే, ఇప్పటిదాకా క్లెయిం చేసే పని పడలేదు. అందుకని పొగడలేను, ఒకసారి పొగిడి చూశాను కదా.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా కింది గదిలోకి మొలలోతు నీళ్లొచ్చాయి. ఇన్సూరెన్సున్న ఏకాండి పైన అటక మీద క్షేమంగా ఉంది. పిల్లలు నేర్చుకునే అతుకు వీణ, ఇన్సూరెన్స్ లేనిది, మూడు రోజులు నీళ్లలో నానింది. దండి అతుకు దగ్గర నోరు తెరిచింది, పలక ఉబ్బి పైకి లేచింది. మెట్లు మాత్రం మైనంలో ఒక్కటీ కదలకుండా ఉన్నాయి, ఎందుకో వాటిని చూస్తేనే ఏడుపొచ్చింది.

నాలా నెలకి రెండుసార్లు వీణ పట్టుకుని రైళ్లూ ఆటోలూ ఎక్కేవాళ్లయితే, ఆ వాక్యం తీయించి ఇచ్చేవాళ్లు దొరికితేనే చేయించండి. ఇల్లు కదలని వీణయితే దొంగతనానికీ వరదకీ మామూలు ఇంటి పాలసీలోనే రాయించుకోవచ్చు, జాబితాలో దాని పేరు విడిగా ఉందో లేదో చూసుకుని. ఇరవై ముప్పై వేల ప్రాక్టీసు వీణకి మంచి ఫైబరు పెట్టె కొనుక్కోవడమే మేలని నా లెక్క. అయితే మూడు రోజుల నీళ్లలో ఆ పెట్టె ఏపాటి ఆగుతుందో అనే గుబులూ ఉంది.

రెన్యువల్ వచ్చే నెల పద్నాలుగున. కడతాను. మొన్న వచ్చిన డ్రాఫ్టులో ఇంకా "గిటార్ టైపు" అనే ఉంది. మార్చమని రెండుసార్లు మెసేజ్ పెట్టాను, నీలం టిక్కులు పడ్డాయి.