ఇనిష్ మోర్‌లో గేట్లు లేని గోడలు

ఐర్లాండ్ పడమటి ఒడ్డున ఉన్న ఆరన్ దీవుల్లో పెద్దది ఇనిష్ మోర్. అందరిలాగే మేమూ డూన్ ఏంగస కోట చూద్దామనే వెళ్లాం. నూరు మీటర్ల కొండ అంచున ఉంటుంది, చివర కంచె కూడా లేదు, పిల్లలుంటే చెయ్యి వదలకండి. కోట బాగుంది. కానీ నాకు ఇప్పటికీ కళ్లలో మెదిలేది దారి పొడవునా ఉన్న రాతి గోడలే. సిమెంటు లేదు, మట్టి లేదు, ఉత్త రాళ్ల పేర్పు. మూడు దీవుల్లో కలిపి సుమారు 2,400 కిలోమీటర్లంటారు.

గాల్వే నుంచి రోసవీల్ రేవుకు గంట బస్సు, అక్కడి నుంచి ఫెర్రీలో 40 నిమిషాలు. పడవ బాగా ఊగుతుంది, అమ్మకు వాంతులయ్యాయి. మాత్ర ముందే వేసుకోండి. రేవులో దిగగానే సైకిళ్లు అద్దెకిస్తారు. మాకిచ్చిన ఒక సైకిలుకు వెనక బ్రేకు పడలేదు, ఆ సంగతి కోట దగ్గరి దిగుడులో తెలిసి చాలా టెన్షన్ పడ్డాం. తీసుకునేటప్పుడే నొక్కి చూసుకోండి. అమ్మ మినీబస్సులో తిరిగింది, ఆమెకు హాయిగానే ఉంది. గోడలు చూడాలంటే మాత్రం సైకిలో, నడకో ఉండాలి.

దగ్గరికెళ్తే రాళ్ల సందుల్లోంచి అవతలి పచ్చిక కనిపిస్తుంది. కావాలనే అలా వదులుతారు. సముద్రపు గాలి గోడను పడదోయకుండా ఆ సందుల్లోంచి వెళ్లిపోతుంది. చెయ్యి పెడితే వేళ్లకు చల్లగా తగిలింది.

చాలా మళ్లకు గేటే లేదు. మరి ఆవు లోపలికెలా వెళ్తుంది? సాయంత్రం ఒక పెద్దాయన చేస్తుంటే చూశాం. గోడలో ఒకచోట రాళ్లు ఒక్కొక్కటే దించి, ఆవును లోపలికి తోలి, మళ్లీ పేర్చేశారు. ఒక రాయి కుదరకపోతే మూడుసార్లు తిప్పి చూశారు. చెక్కలేదు, కొట్టలేదు. నాలుగోసారికి కూర్చుంది.

మాది అనంతపురం వైపు. మా తాత చేలో ఏరిన రాళ్లు గట్టుమీద పోసేవాడు, అందుకే ఆ పనిలో ఉన్న కష్టం నాకు అర్థమైంది. ఈ దీవులవాళ్లు రాళ్లు ఏరి గోడ కట్టి, బండ మీద ఇసుకా సముద్రపు నాచూ మోసుకొచ్చి పరిచి, మట్టిని కూడా తయారు చేసుకున్నారు. అందులోనే బంగాళాదుంపలు పండించారు. ఐర్లాండ్‌లోని ఈ గోడల పనితనానికి 2024లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఎక్కువమంది సాయంత్రం ఫెర్రీకే తిరిగిపోతారు. మేం ఒక రాత్రి ఉన్నాం. గది అద్దె ఎక్కువే, శాకాహారులకు రాత్రి భోజనం కాస్త కష్టం, వెంట ఏమైనా తెచ్చుకోండి. అయినా ఉండమనే చెబుతాను. చివరి పడవ వెళ్లాక రోడ్లు ఖాళీ అయ్యాయి, ఏటవాలు ఎండలో ఒక్కో రాయి నీడా విడివిడిగా కనిపించింది.

ఫొటోల కోసం గోడలెక్కకండి. పైరాయి జారితే ఎవరో ఒక రైతు వచ్చి మళ్లీ పేర్చుకోవాలి.