ట్యాపింగ్ శిక్షణ: గదిలో ఏడాది వాడి చూశాక ఒక థెరపిస్టు సమీక్ష

మాటల ద్వారా చేసే చికిత్సే వృత్తిగా ఉన్న నేను, ముఖం మీద వేళ్లతో తట్టుకుంటే మనసులోని బాధ తగ్గుతుందన్న మాటను చాలాకాలం నవ్వి ఊరుకున్నాను. చివరికి ఆన్‌లైన్‌లో ట్యాపింగ్ శిక్షణకు చేరింది కూడా నమ్మకం కుదిరి కాదు, అవసరం పడి. కొందరు క్లయింట్లు జరిగినదాన్ని చెప్పబోయి ఊపిరి బిగబట్టేవారు, ఆపైన గంటంతా మాట పెగిలేది కాదు. అలాంటివారి చేతులకు ఏదో ఒక పని అప్పగించాలని నాకు అనిపించేది. శిక్షణ ముగిసి ఏడాది దాటింది కనుక, నేర్పినదీ, వాడితే తేలినదీ రెండూ కలిపి రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పను, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయే లోపాలు ఆ ఒక్కరివే అయి ఉంటాయని నేను అనుకోవడం లేదు.

ఈ పద్ధతికి బీజం వేసినవారు అమెరికన్ మనస్తత్వవేత్త రోజర్ కాలహాన్. 1980 ప్రాంతంలో, నీళ్లంటే తీవ్రంగా భయపడే ఒక రోగి చేత ఆయన కంటి కింద తట్టించి చూశారు. తర్వాత ఒక్కో సమస్యకు, ఒంటి మీద తట్టాల్సిన బిందువులతో ఒక్కో వరుస తయారుచేశారు. ఆయన దగ్గర నేర్చుకున్న ఇంజనీరు గ్యారీ క్రెయిగ్ 1990లలో ఆ వరుసలన్నిటినీ పక్కనపెట్టి, అందరికీ ఒకే వరుస సరిపోతుందని తేల్చి, ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్ అని పేరు పెట్టారు. మొదట బాధ ఎంత ఉందో 0 నుంచి 10 లోపు ఒక అంకెగా చెప్పాలి. అరచేతి పక్క అంచును తడుతూ, బాధ పేరు చెప్పి, అయినా నన్ను నేను అంగీకరిస్తున్నానని మూడుసార్లు అనాలి. ఆపైన కనుబొమ మొదలు, కంటి పక్క, కంటి కింద, ముక్కు కింద, గడ్డం, కాలర్‌బోన్, చంక కింద, నడినెత్తి, ఇలా ఒక్కోచోట ఆరేడు సార్లు తడుతూ బాధ పేరును క్లుప్తంగా అనుకోవాలి. చివర మళ్లీ అంకె అడుగుతారు. నేర్చుకోవడానికి ఒక పూట చాలు.

శిక్షణలో నిజంగా విలువైనది మాత్రం తట్టడం కాదు, బాధకు కచ్చితమైన పేరు పెట్టించడం. దీన్ని జంటలుగా కూర్చోబెట్టి ఓపికగా సాధన చేయించారు, అందుకు వారిని మెచ్చుకోవాలి. ఆ పాఠం విలువ నాకు ఒక క్లయింటుతో తెలిసింది (గుర్తుపట్టే వివరాలు మార్చాను). ఆత్మీయుల మరణవార్త ఫోనులో విన్న తర్వాత, రాత్రిపూట ఫోను మోగితే ఆయనకు ఒళ్లంతా వణుకు. తొందరపాటుతో నేను "ఫోను భయం" అనిపించి తట్టించాను. 6 ఉన్న అంకె 8కి పెరిగింది! అప్పుడు ఆగి, అసలు ఏ క్షణం తలపుకు వస్తోందని అడిగాను. అవతలి మనిషి మాట మొదలుపెట్టే ముందు వినిపించిన ఊపిరి శబ్దం అన్నారు. దాని మీదే మూడు వరుసలు చేశాము. మూడో వరుసలో కాలర్‌బోన్ దగ్గర ఆయన వేళ్లు వాటంతట అవే ఆగిపోయాయి, పెద్ద నిట్టూర్పు వచ్చింది. అంకె 3కి దిగింది. సున్నా అప్పుడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. కానీ రెండు వారాలకు, ఉలిక్కిపడుతూనే అయినా, ఫోను తానే ఎత్తుతున్నానని చెప్పారు.

శిక్షణలో చూపిన వీడియోలన్నీ సున్నాతోనే ముగిశాయి, నా మొదటి అభ్యంతరం అదే. అంకె పెరిగినప్పుడు, ఏడుపు ఆగనప్పుడు, క్లయింటు చూపు ఎటో వెళ్లిపోయి పిలిచినా పలకనప్పుడు థెరపిస్టు ఏం చేయాలో దాదాపు ఏమీ చెప్పలేదు. తట్టడం ఆపి, కళ్లు తెరిపించి, కాళ్లు నేలకు ఆనించి గదిలోకి తీసుకురావడం నాకు వేరే శిక్షణ వల్ల తెలుసు. అది తెలియనివారు సర్టిఫికెట్ పట్టుకుని గాయపడ్డ మనుషుల ముందు కూర్చుంటారన్న ఆలోచన నన్ను కలవరపెట్టింది. ఇంగ్లీషు నుంచి తెచ్చిన వాక్యంతోనూ ఇబ్బందే. "నన్ను నేను గాఢంగా, సంపూర్ణంగా అంగీకరిస్తున్నాను" అనమంటే ఒకావిడ ఇదేదో ప్రమాణ స్వీకారంలా ఉందని నవ్వేశారు. "భయం ఉంది, అయినా ఇక్కడే కూర్చున్నాను" అని మార్చాక మాట నోటికి వచ్చింది.

పరిశోధనల విషయంలో శిక్షకులు చూపిన పక్షపాతం అంతకంటే పెద్ద లోపం. 2012లో 83 మందితో జరిగిన ఒక అధ్యయనంలో ట్యాపింగ్ చేసినవారిలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ సగటున 24 శాతం తగ్గిందన్న ఫలితాన్ని పదేపదే వినిపించారు. వెయిట్, హోల్డర్ అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన పరిశోధన ఊసే ఎత్తలేదు. అందులో సరైన బిందువుల మీద తట్టుకున్నవారికీ, వేరేచోట తట్టుకున్నవారికీ, చివరికి ఒక బొమ్మను తట్టినవారికీ కూడా భయం తగ్గింది. ఈ పద్ధతిని సమర్థించేవారు చెప్పే, శరీరంలోని శక్తి మార్గాలే కారణమన్న వివరణ ఆ బొమ్మ ముందు నిలవదని నా అభిప్రాయం. భయాన్ని తలచుకుంటూనే చేతికి లయబద్ధమైన పని ఉండటం, పక్కన ఒక మనిషి ఉండటం, ఊపిరి నెమ్మదించడం, ఇవి చాలు నాకు. బ్రిటన్‌లో ఏ చికిత్సలు వాడాలో సూచించే నైస్ సంస్థ కూడా, పీటీఎస్‌డీపై (తీవ్ర ఆఘాతం తర్వాత మిగిలే మానసిక సమస్యపై) 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీన్ని చికిత్సగా సిఫారసు చేయలేదు, ఇంకా పరిశోధన జరగాలని మాత్రమే సూచించింది.

కాబట్టి నేను దీన్ని చికిత్సగా కాక, చికిత్స సాగేలా మనిషిని నిలబెట్టే ఊతంగా వాడుతున్నాను. పరీక్ష భయం, సభలో మాట్లాడాలన్న బెరుకు, నిద్రపట్టని రాత్రి వంటివాటికి ఇంటి దగ్గర సొంతంగా చేసుకోమని నేర్పుతాను. లోతైన గాయాలకైతే గదిలోనే, అదీ కొద్దికొద్దిగా. ఇప్పటికే చికిత్సలో అనుభవం ఉన్నవారికి ఈ శిక్షణ పనికొస్తుంది, ఇదే తొలిమెట్టుగా వృత్తిలోకి రావాలనుకునేవారు చేరవద్దని చెబుతాను.

మలివిడత శిక్షణకు నమోదు చేసుకోమని సంస్థ నుంచి మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. ఆ బొమ్మ పరిశోధనను పాఠంలో చేర్చారా అని అడుగుతూ ఒకదానికి బదులు రాశాను. జవాబు రాలేదు కానీ, మరుసటి వారం ఇంకో ఆహ్వానం వచ్చింది.