అశోక మొక్కలని చెప్పి నరమామిడి అంటగడుతున్నారు, డబ్బులు పంపకండి

ఎర్రటి పూలగుత్తుల వీడియోలు పెట్టి, ‘సీతమ్మ కూర్చున్న అసలైన అశోకం’ అని ఊదరగొట్టే ఆ పేజీ మీలో చాలామంది చూసే ఉంటారు. మొక్క 800 రూపాయలు, డబ్బు ముందే పంపాలి. మా తోటలో కాలువ పక్కన, మామిడి చెట్ల నీడలో వేద్దామని అయిదు తెప్పించాను. పడమటి కనుమల తడి అడవుల్లో వాగుల ఒడ్డున, పెద్ద చెట్ల కింద పెరిగే చెట్టు కాబట్టి ఆ చోటే దానికి సరిపోతుందని.

నిన్న పార్సిల్ విప్పితే అయిదూ నరమామిడి! అపార్ట్‌మెంట్ గోడల వెంట నిటారుగా బారులు తీరి ఉంటాయే, అవి. కాడకి ఒకే పొడవాటి ఆకు, అంచులు అలలు తిరిగి ఉన్నాయి. అశోకం అలా ఉండదు. ఒకే ఈనెకు రెండు పక్కలా జతలు జతలుగా చిన్నాకులు వస్తాయి. కొత్త చిగురైతే రాగిరంగులో, నీరసించినట్టు కిందికి వేలాడుతుంది.

వెంటనే ఆ పేజీ నడిపేవాడికి ఫోన్ చేశాను. “లేత మొక్క కదా మేడమ్, పెద్దయ్యాక ఆకు మారుతుంది” అన్నాడు! అశోకం చింతచెట్టు కుటుంబం, నరమామిడి సీతాఫలం కుటుంబం. సీతాఫలం మొక్క పెరిగి చింతచెట్టు అవుతుందా అని అడిగాను. కాసేపు మాట లేదు. తర్వాత గొంతు మార్చి, “అందరూ దీన్నే అశోక అంటారమ్మా, ఒక్క చెట్టుకి ఇంత రభసేంటి?” అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే బ్లాక్. పేజీలో రాసిన కామెంట్ కూడా తీసేశారు. 4,000 పోయినందుకు బాధే, కానీ ఆ ‘ఒక్క చెట్టుకి’ అన్న మాటకి నాకింకా ఒళ్లు మండుతోంది.

ఆ ఒక్క చెట్టు 1998లోనే ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) ముప్పు జాబితాకెక్కింది. అశోకారిష్టం లాంటి ఆయుర్వేద మందుల కోసం అడవిలో బెరడు ఒలిచేస్తారు. చుట్టూ ఒలిస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది. బెరడు చాలక అందులోనూ నరమామిడి బెరడే కల్తీ చేస్తారు. నరమామిడి మీద నాకేం కోపం లేదు, దాని పళ్లకి కోయిలలు, గబ్బిలాలు వస్తాయి. కానీ దాన్నే అశోకమని అమ్ముకోగలిగితే ఇక అసలు మొక్కని పెంచే నర్సరీ ఎక్కడుంటుంది? అశోకం పూస్తే చూడాలి. ముదురు కొమ్మల మీద, కాండం మీద కూడా నేరుగా గుత్తులు విచ్చుకుంటాయి. ఆ పువ్వుకి ఆకర్షణ పత్రాలే (పూరేకులే) ఉండవు, మనకి రంగుగా కనిపించేది రక్షక పత్రాలు, అంటే మామూలుగా మొగ్గని కప్పి ఉంచేవి. పూసినప్పుడు పసుపు నారింజ, రోజులు గడిచేకొద్దీ ఎరుపు. వాడు వీడియోలో చూపించింది ఆ పూలనే, పంపింది మాత్రం వేరే చెట్టుని.

కొనాలనుకునేవాళ్లు పూల ఫోటోలు నమ్మకండి. మీకు పంపబోయే మొక్కనే, ఆకు దగ్గరగా కనిపించేలా వీడియో తీసి పెట్టమనండి. ఆకు ఒంటిగా ఉంటే వదిలేయండి. వీలైతే దగ్గర్లోని నర్సరీకి వెళ్లి, చూసి తెచ్చుకోండి. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లుంటే పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి, వాళ్లతో మాటల, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లన్నీ దాచుకుని, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. నేను ఈ రోజే చేస్తున్నాను.